చౌమహల్లా: దర్బారు పోయినా ఖాళీగా ఉండని ప్యాలెస్

ముందే చెప్తున్నా, హైదరాబాద్‌లోని ఈ నిజాంల ప్యాలెస్‌కి శుక్రవారం వెళ్లకండి, సెలవు. మొదటిసారి నేను అదే తెలివితక్కువ పని చేసి, మూసిన గేటు చూసుకుని, లాడ్ బజార్‌లో అమ్మకి గాజులు కొనిపెట్టి ఇంటికొచ్చేశాను. రెండోసారి ఆదివారం పొద్దున్నే వెళ్లాం. చార్మినార్ నుంచి నడిచే దూరమే.

అందరూ షాండ్లియర్ల కోసమే వెళ్తారు, ఖిల్వత్ అనే దర్బారు హాల్లో 19 ఉన్నాయి, బెల్జియం గాజువి, బాగున్నాయి, ఫొటోలు మీరు చూసే ఉంటారు. నన్ను ఆపేసింది మాత్రం వాటి కింద ఉన్న పాలరాతి గద్దె. నిజాం కూర్చుని దర్బారు చేసింది అక్కడే. 1967లో ఏడో నిజాం మనవడు ముకర్రం జాకి పట్టాభిషేకం జరిగిందీ ఈ ప్యాలెస్‌లోనే, అప్పటికి రాజ్యం పోయి దాదాపు ఇరవై ఏళ్లు! 1971లో రాజభరణాలు, బిరుదులు కూడా రద్దయ్యాయి, ఆయన ఆస్ట్రేలియాలో గొర్రెల ఫారం కొనుక్కుని వెళ్లిపోయాడు, ఇక్కడేమో గోడలు పెచ్చులూడాయి. తర్వాత ఆయన మొదటి భార్య ఎస్రా పూనుకుని బాగు చేయిస్తే 2005లో జనానికి తలుపులు తీశారు, 2010లో యునెస్కో అవార్డు కూడా వచ్చింది. 2023 జనవరిలో ఇస్తాంబుల్‌లో చనిపోయిన ముకర్రం జాని తీసుకొచ్చి, మక్కా మసీదులో ఖననం చేసే ముందు, జనం చూడటానికి ఉంచింది కూడా ఈ ఖిల్వత్‌లోనే. అంటే ఆయన పట్టాభిషేకానికీ కడసారి చూపుకీ మధ్య ఇది పాడుబడటం, మ్యూజియం అవ్వడం రెండూ అయిపోయాయి. అది తెలిసి చూస్తే షాండ్లియర్లు వేరేలా కనిపిస్తాయి, నాకైతే కనిపించాయి.

అసలు ఇది నిజాంలందరూ కాపురమున్న ఇల్లు కూడా కాదు. 1750లో నిజాంల వంశానికే చెందిన సలాబత్ జంగ్ మొదలుపెట్టిస్తే అయిదో నిజాం అఫ్జలుద్దౌలా కాలానికి, అంటే 1857-69 మధ్య, పూర్తయింది. ఆరో నిజాం పురానీ హవేలీలో ఉన్నాడు, ఏడో నిజాం కింగ్ కోఠిలో ఉన్నాడు, దీన్ని వేడుకలకీ అతిథులకీ వాడుకున్నారు. ఒకప్పుడు 45 ఎకరాలట, ఇప్పుడు అందులో మూడో వంతు కూడా లేదు. అయినా నిజాంల మిగతా ప్యాలెస్‌లతో పోలిస్తే దీని అదృష్టం మేలే అనుకోవాలి. ఫలక్‌నుమా 2010లో హోటల్ అయింది, మన జేబులకి దూరం. బెల్లావిస్టాలో అధికారులకి శిక్షణ ఇచ్చే స్టాఫ్ కాలేజీ పెట్టారు, కింగ్ కోఠిలో ఓ భాగం ఆసుపత్రి. దీన్ని మాత్రం టికెట్ కొని ఎవరైనా చూడొచ్చు, డబ్బున్నవాళ్లు అప్పుడప్పుడు పెళ్లిళ్లు కూడా చేసుకుంటారు.

లోపలి ఆవరణలో నాలుగు మహళ్లు ఉన్నాయి, ఆ నాలుగింటి వల్లే చౌమహల్లా అన్న పేరు. అఫ్తాబ్ మహల్ ముందు నిలబడి అమ్మ చాలాసేపు చూసి, "ఇంత పెద్ద ఇంట్ల వంటిల్లు ఏడుందిరా?" అంది. నా దగ్గర జవాబు లేదు. పక్కన కాబోయే జంటలు కొలను దగ్గర పోజులకి లైన్ కట్టి ఉన్నారు, పాపం ఎండకి అమ్మాయి మేకప్ కరిగిపోతోంది, ఫొటోగ్రాఫర్ మాత్రం "ఇంకొక్కటి" అంటూనే ఉన్నాడు.

లోపల పెట్టిన నిజాంల పాత కార్లు చూడకుండా రావద్దు, 1912 నాటి పసుపు రోల్స్ రాయిస్ దగ్గర పిల్లలు కదలరు. హడావిడిగా తిరిగితే గంటలో అయిపోతుంది కానీ రెండు గంటలు పెట్టుకోండి, ఎండాకాలం అయితే పొద్దున్నే వెళ్లండి, ఆవరణ దాటేసరికి మాడు కాలుతుంది. వెళ్లేటప్పుడు ద్వారం పైన గడియారం వైపు ఓసారి తలెత్తండి. ఖిల్వత్ గడియారం అంటారు, వారానికోసారి ఇప్పటికీ కీ ఇస్తారు.

నేను అయిదుకి నాలుగున్నర ఇస్తున్నా. అమ్మ నాలుగే ఇచ్చింది, వంటిల్లు చూపించలేదని.