పట్టేసిన టిల్ట్ సిలిండర్ మూత: ఉలి, పిన్ స్పానర్, హీట్ గన్‌లలో ఏది మేలు?

పడవ ఇంజన్‌ను పైకెత్తే టిల్ట్ సిలిండర్ దగ్గర ఆయిల్ కారుతుంటే సీల్ మార్చాలి, సీల్ మార్చాలంటే పైమూత విప్పాలి. పనిలో కష్టమంతా ఆ మూత దగ్గరే. స్పానర్ పట్టడానికి దానికి పలకలుండవు, చిన్న చిన్న రంధ్రాలు మాత్రం ఉంటాయి. బాడీ అల్యూమినియం, మూత కొన్నిటికి ఉక్కు, కొన్నిటికి అల్యూమినియమే. ఉప్పునీరు చేరితే అల్యూమినియం తినేసి, తెల్లటి పొడి మరల మధ్య గట్టిగా పేరుకుంటుంది.

అందుకే ముందు ఇంజన్ ఎక్కడ తిరిగిందో అడగాలి. విజయవాడలో ప్రకాశం బ్యారేజీ ఎగువన, పున్నమి ఘాట్‌కూ భవానీ ద్వీపానికీ మధ్య తిరిగేవి మంచినీటి ఇంజన్లు. వాటికి సరైన పిన్ స్పానర్, అంటే మూత రంధ్రాల్లో దిగే పిన్నులున్న స్పానర్, ఒక్కటే చాలావరకు సరిపోతుంది. మచిలీపట్నం, సూర్యలంక వైపు సముద్రంలో నడిచినవాటికి వేడి కూడా కావాలి.

ఉలి, సుత్తి మాత్రం రెండిటికీ వద్దంటాను. అవి చేతిలో ఉంటాయి, దెబ్బ వేస్తే మూత కదిలినట్టూ ఉంటుంది. కానీ రంధ్రం అంచు చితికిపోయాక ఏ స్పానరూ అందులో నిలవదు. ఉలి జారి, మూత నడుమ నుంచి వచ్చే రాడ్ క్రోమ్ పూత మీద గీత పడితే, కొత్త సీల్ వేసినా ఆయిల్ కారుతూనే ఉంటుంది.

అంగట్లో దొరికే సర్దుబాటు పిన్ స్పానర్ తేలికపాటిది. గట్టి మూత మీద దాని పిన్నులు వంగిపోతాయి. ఆటోనగర్‌లో లేతు ఉన్న ఏ షాపులోనైనా చేయించుకున్నదే మేలు. రంధ్రాల వ్యాసం, వాటి మధ్య దూరం వెర్నియర్‌తో కొలిచి ఇవ్వండి. మందపాటి ఇనప పట్టీకి టెంపర్ పట్టిన పిన్నులు బిగించాలి. రాడ్ చివర కన్ను ఉంటుంది కాబట్టి నడుమ గుండ్రటి రంధ్రం పెడితే స్పానర్ కిందికి దిగదు. ఒక పక్క తెరిచిన గాడి పెట్టించండి. విప్పేటప్పుడు ఒకరు స్పానర్‌ను మూత మీదికి అదిమి పట్టుకోవాలి, రెండోవారు పిడి చివర సుత్తితో కొట్టాలి. మెల్లగా లాగే బలం కన్నా ఆ అదురే పట్టు విడిపిస్తుంది. ముందు కొంచెం బిగించే వైపు, తర్వాత విప్పే వైపు. సిలిండర్‌ను నడుమ వైస్‌లో బిగించకండి, గుండ్రదనం పోతుంది. కింది లగ్ (సిలిండర్‌ను తగిలించే చెవి) దగ్గర పట్టండి.

ఇక వేడి. బిగుసుకున్న పచ్చడి సీసా మూతను వేణ్నీళ్లలో ముంచినట్టే ఇదీ: బయట ఉన్నదే వేడెక్కాలి. ఇక్కడ బయట ఉన్నది బాడీ, కాబట్టి హీట్ గన్ దాని మీదే తిప్పాలి. 50 మి.మీ. వ్యాసానికి 80 డిగ్రీలు పెరిగితే అల్యూమినియం సుమారు 0.09 మి.మీ. వ్యాకోచిస్తుంది, మామూలు ఉక్కు 0.05. ఆ తేడా చాలు. నీటి చుక్క వేస్తే జివ్వుమన్నాక ఆపి స్పానర్ పెట్టండి. గ్యాస్ టార్చ్ వద్దు. అల్యూమినియం ఎర్రబడకుండానే 660 డిగ్రీల దగ్గర కరిగిపోతుంది, లోపల ఆయిలూ ఉంది. తుప్పు వదిలించే నూనె ముందురోజు రాత్రే పోసి ఉంచవచ్చు, వేడి పెట్టే ముందు మాత్రం శుభ్రంగా తుడిచేయాలి.

ఏ పద్ధతైనా, ముందు ఇంజన్ పైకెత్తి లాక్ వేసి, తాడుతో కూడా కట్టండి. రాడ్ పూర్తిగా బయటికి వచ్చాకే మాన్యువల్ రిలీజ్ స్క్రూ వదిలి ప్రెషర్ తీసేయాలి. కళ్లకు రక్షణ అద్దాలు తప్పనిసరి.

ఇవేవీ పనిచేయకపోతే మూతనే బలిచ్చేయండి. బాడీ మరలకు తగలకుండా మూతకు గాటు పెట్టి విరిచి తీయాలి. మూత కొత్తది కొనుక్కోవచ్చు, బాడీ మర పోతే మాత్రం మొత్తం యూనిట్ ఖర్చవుతుంది. ఉక్కు మూతకు ఇనప ముక్క వెల్డింగ్ చేసి తిప్పేవాళ్లూ ఉన్నారు. ఆ నిప్పురవ్వలు రాడ్ క్రోమ్ మీద పడతాయి, రాడ్ కూడా మార్చేటట్టయితేనే అది.

2024 సెప్టెంబరులో బుడమేరు వాగు ముంచెత్తినప్పుడు విజయవాడ సింగ్‌నగర్ వీధుల్లో పడవలు తిరిగాయి. అలాంటి లోతు తక్కువ నీటిలో ఇంజన్ పైకి లేవకపోతే ప్రొపెల్లర్ నేలకు తగులుతుంది. కాబట్టి తిరిగి బిగించేటప్పుడు మరలను ఇత్తడి బ్రష్‌తో రుద్ది, కొత్త ఓరింగ్ వేసి, మెరైన్ గ్రీజు పూయండి. ఇంజన్ బదులు తాను అరిగిపోయేలా పెట్టే లోహపు ముక్క, యానోడ్, అరిగి ఉంటే అప్పుడే మార్చేయండి.