బీటిల్స్‌కి పని నేర్పింది ఎవరు: లోనీ డోనెగనా, బడ్డీ హాలీనా?

ఇంగ్లండ్‌లోని లివర్‌పూల్ బృందం బీటిల్స్ మీద ఎవరి ప్రభావం ఉందంటే చాలామంది అమెరికన్ గాయకుడు ఎల్విస్ పేరు చెప్పి ఊరుకుంటారు. ఆ రోజుల్లో లివర్‌పూల్ కుర్రాళ్లకి ఎల్విస్ పిచ్చి పట్టిన మాట నిజమే, కానీ పిచ్చి పట్టడం వేరు, పని నేర్చుకోవడం వేరు. పని నేర్పినవాళ్ల లెక్క తీస్తే నాకు ముందు ఇద్దరు కనిపిస్తారు: బ్రిటిష్ గాయకుడు లోనీ డోనెగన్, అమెరికన్ గాయకుడు బడ్డీ హాలీ.

ముందు డోనెగన్. 1956లో ఆయన 'రాక్ ఐలండ్ లైన్' బ్రిటన్‌ని ఊపేసింది. స్కిఫిల్ అనే ఆ బాణీలో గొప్పతనమంతా ఖర్చు లేకపోవడమే. గిటారు ఒకటి సంపాదిస్తే చాలు, మిగతాదంతా ఇంట్లో సామానే: బట్టలుతికే గరుకు రేకుని వేళ్లతో గీకితే తాళం, టీ ఆకు వచ్చే చెక్కపెట్టెకి చీపురుకర్ర నిలబెట్టి తాడు బిగిస్తే బేస్, అంటే కింది స్వరం. మూడు కార్డులు (కలిపి మోగించే స్వరాల గుంపులు) వస్తే పాట అయిపోయినట్టే. (హాస్టల్లో నేనూ ఆ మూడింటితోనే ఏడాదంతా లాగించాను, పక్క రూమువాళ్లని అడగొద్దు.) అదే ఏడాది జాన్ లెనన్ తన బడి పేరు మీద క్వారీమెన్ అనే బృందం పెట్టాడు, తర్వాత బీటిల్స్ అయింది అదే, అమ్మ జూలియా నేర్పిన బాంజో కార్డులే గిటారు మీద వాయిస్తూ.

కానీ స్కిఫిల్ గుమ్మం దాకా తెచ్చి అక్కడే వదిలేస్తుంది. 1957 జూలై 6న వూల్టన్ చర్చి తిరునాళ్లలో లెనన్‌ని కలిసిన పాల్ మెకార్ట్నీ ఏం వాయించి మెప్పించాడు? ఎడీ కాక్రన్ రాక్ అండ్ రోల్ పాట 'ట్వెంటీ ఫ్లైట్ రాక్', అదీ ఒక్క ముక్క మర్చిపోకుండా. అక్కడ డోనెగన్ పాట పాడి ఉంటే లెనన్ అంత లొంగేవాడు కాదనుకుంటా.

ఇక హాలీ. తన పాటలు తనే రాసుకున్నాడు, తనే పాడాడు, ఎలక్ట్రిక్ గిటారు తనే వాయించాడు. పైగా కళ్లజోడుతో! జనంలో కళ్లజోడు పెట్టుకోవాలంటే నామోషీ పడే లెనన్‌కి అది ఎంత ధైర్యమో ఆలోచించండి. హాలీ బృందం పేరు క్రికెట్స్, అంటే కీచురాళ్లు, మనవాళ్లూ పురుగు పేరు (బీటిల్ అంటే పెంకుపురుగు) వెతుక్కున్నది అది చూసే. 1963లో వచ్చిన మొదటి ఆల్బమ్‌లో 14 పాటలుంటే 8 సొంతవి, సొంతంగా రాసుకోవచ్చన్న ఆ తెగువలో ఎక్కువ వాటా నేను హాలీకే ఇస్తాను.

అయితే గొంతులు కలిపే విద్య మాత్రం ఆయన దగ్గర దొరికింది కాదు. బీటిల్స్ పాట 'ప్లీజ్ ప్లీజ్ మీ' మొదలు వినండి: పాల్ పై స్వరం పట్టుకుని కదలడు, కింద లెనన్ మెట్టు మెట్టుగా దిగుతాడు. వెంటనే అమెరికన్ జంట ఎవర్లీ సోదరుల 1960 పాట 'క్యాథీస్ క్లౌన్' పెట్టండి, గుట్టు బయటపడుతుంది. అమెరికన్ రాక్ అండ్ రోల్ గాయకుల వాటా కూడా ఉంది: పాల్ కేకలు లిటిల్ రిచర్డ్‌వి, గిటారు దూకుడు చక్ బెర్రీది, ఆ రెండూ తెలిసిన సంగతులే.

అయినా డోనెగన్, హాలీ ఇద్దరిలో ఒకర్నే ఎంచుకోమంటే నా ఓటు హాలీకే. 1958లో ఈ కుర్రాళ్లు లివర్‌పూల్‌లో ఒక ఇంటి స్టూడియోలో డబ్బులిచ్చి మొదటి రికార్డు చేయించుకున్నారు, చేతికొచ్చిన కాపీ ఒక్కటే, దాన్నే వంతులవారీగా ఇళ్లకి తీసుకెళ్లేవాళ్లు. ఒక వైపు హాలీ పాట 'దట్ విల్ బి ద డే'. తిప్పితే రెండో వైపు పాల్, బృందంలోని ఇంకో గిటారిస్టు జార్జ్ హారిసన్ పేర్ల మీద సొంత పాట.