బొటనవేలి బటన్లతో మూడేళ్లు

ఈ మౌస్ కొని మూడేళ్లు దాటింది. సెన్సర్ గురించి, బ్యాటరీ గురించి ఇప్పటికే చాలామంది రాశారు కాబట్టి నేను వాటి జోలికి పోను. ఎడమ పక్కన బొటనవేలికి అందే రెండు చిన్న బటన్ల గురించే చెప్పాలని ఉంది. అవి లేని మౌస్ పట్టుకుంటే ఇప్పుడు చేతికి ఏదో వెలితిగా ఉంటోంది.

రోజంతా పత్రాలు సరిచూసే పని నాది. ఎప్పుడు చూసినా ముప్పై, నలభై ట్యాబ్‌లు తెరిచే ఉంటాయి. వెనక బటన్‌ను బ్రౌజర్‌లో వెనక్కి వెళ్లడానికే ఉంచేశాను. ముందు బటన్‌కు మాత్రం చక్రం నొక్కితే జరిగే పని అప్పగించాను. లింక్ మీద నొక్కితే కొత్త ట్యాబ్‌లో తెరుచుకుంటుంది, ట్యాబ్ మీద నొక్కితే ఆ ట్యాబ్ మూసుకుంటుంది. చక్రంతోనూ ఇదంతా చేయొచ్చు. కానీ నొక్కబోతే అది ఒక్కోసారి కాస్త తిరుగుతుంది, పేజీ జరిగి పక్క లింక్ తెరుచుకుంటుంది. బొటనవేలితో ఆ బాధ లేదు. ట్యాబ్ చివరున్న చిన్న ఇంటూ గుర్తును గురిచూసి కొట్టాల్సిన పనీ తప్పింది. మౌస్‌ను కనిపెట్టిన డగ్లస్ ఎంగెల్‌బార్ట్ 1964 నాటి మొదటి చెక్క మౌస్‌కు ఉన్నది ఒక్క బటనే. ఇన్నేళ్లూ ఊరికే పట్టుకోవడానికే పనికొచ్చిన వేలికి ఇంత పని చేతనవునని నాకు ఇది వాడాకే తెలిసింది.

రెండో ఏడాది చివర్లో మౌస్ పైనున్న ఎడమ క్లిక్ బటన్ మొరాయించింది. ఒకసారి నొక్కితే రెండుసార్లు నొక్కినట్టు లెక్క. ఫోల్డర్‌ను ఎంచుకుందామంటే తెరుచుకునేది. వాక్యం సెలెక్ట్ చేస్తుంటే సగంలో తెగిపోయేది. ఒక సాయంత్రం అప్పగించాల్సిన ఫైళ్లను లాగుతుంటే దారిలోనే జారి ఏదో ఫోల్డర్‌లో పడ్డాయి. ఏ ఫోల్డరో చూసుకోలేదు. ఒక్క నిమిషం చెమటలు పట్టాయి. కంట్రోల్ జెడ్ కొడితే అన్నీ మళ్లీ పాత చోటికి వచ్చాయి.

సెట్టింగ్స్‌లో డబుల్ క్లిక్ వేగం మార్చి చూశాను, ఏం తేడా రాలేదు. వస్తుందని అనుకోవడమే తప్పు. లోపలి స్విచ్‌లో సన్నటి లోహపు రేకు ఒకటి ఉంటుంది. అది అరిగి పట్టు సడలితే ఒక్క నొక్కుకే తగిలి, వదిలి, మళ్లీ తగులుతుంది. కంప్యూటర్‌కు నిజంగానే రెండు క్లిక్‌లు అందుతాయి. సర్వీస్ వాళ్లు పదిసార్లు నొక్కి చూసి, బాగానే ఉందని తిరిగి పంపేశారు. ఆ కోపం ఇంకా తగ్గలేదు.

అప్పుడు తట్టింది, ముందు బటన్‌కే ఎడమ క్లిక్ అప్పగిస్తే పోలా అని. ఆ వారమంతా నా పని బొటనవేలి మీదే నడిచింది, ఒక్క ఫైలూ జారలేదు. కాకపోతే మౌస్‌ను పట్టుకునేదీ ఆ వేలే, నొక్కి లాగాల్సిందీ ఆ వేలే. మూడో రోజుకు బొటనవేలి మొదట్లో నొప్పి మొదలైంది. చివరికి అడుగున అంటించిన మెత్తటి పట్టీలు ఊడదీసి, వాటి కింద దాగిన మరలు విప్పి, స్విచ్ మార్పించాను. మూడు కాళ్ల చిన్న ముక్క, అంతే.

కొన్న కొత్తలో ఈ బటన్లు ప్రతి మౌస్‌కూ ఉండాల్సిందేనని అందరికీ చెప్పేవాణ్ణి. ఇప్పుడు అంత గట్టిగా అనను. ఫారం నింపుతుండగా వెనక బటన్‌కు వేలు తగిలి, రాసిందంతా రెండుసార్లు పోయింది. నా మౌస్‌లో సెట్టింగ్స్ కంప్యూటర్‌లోని సాఫ్ట్‌వేర్‌లోనే ఉంటాయి. వేరే యంత్రానికి తగిలిస్తే ముందు బటన్ మళ్లీ మామూలు ముందు బటనే. సాఫ్ట్‌వేర్ పెట్టుకోనివ్వని ఆఫీసుల్లో దీని విలువ సగమే. ఎడమ చేత్తో వాడేవాళ్లకు ఈ ఆకారం అసలు పనికిరాదు. నాలా కుడిచేత్తో, సొంత కంప్యూటర్ మీద, గంటల తరబడి ట్యాబ్‌లతో కుస్తీ పట్టేవాళ్లయితే తీసుకోవచ్చు.

స్విచ్ మార్చాక ఎడమ క్లిక్ చప్పుడు కాస్త మందంగా వస్తోంది. ముందు బటన్ మాత్రం మళ్లీ ట్యాబ్‌లు మూసే పనిలో పడింది.