వెస్టర్న్ బ్లాట్‌కి ఐఆర్‌డై 680, 800 సెకండరీలు: కొన్నేళ్లు వాడాక

హబ్సిగూడ వైపున్న మా ల్యాబ్‌లో సిగ్నలింగ్ ప్రొటీన్ల మీద పని. వెస్టర్న్ బ్లాట్‌లో (ప్రొటీన్లను జెల్‌లో విడదీసి, మెంబ్రేన్ మీదికి ఎక్కించి, యాంటీబాడీలతో గుర్తించే పద్ధతి) కొన్నేళ్లుగా ఐఆర్‌డై 680ఆర్‌డీ, 800సీడబ్ల్యూ సెకండరీ యాంటీబాడీలే వాడుతున్నాను. ప్రొటీన్‌ని పట్టేది ప్రైమరీ యాంటీబాడీ, ఆ ప్రైమరీని పట్టేది సెకండరీ; వీటికి ఇన్‌ఫ్రారెడ్‌లో వెలిగే రంగు అతికి ఉంటుంది. ఈసీఎల్ (ఎంజైమ్ రియాక్షన్‌తో వెలుగు పుట్టించి బ్యాండ్ చూసే పద్ధతి) ఉండగా ఇవెందుకని కొత్తగా పీహెచ్‌డీలో చేరినవాళ్లు అడుగుతుంటారు. వాళ్ల కోసమే రాస్తున్నాను.

నేను మారింది ఫాస్ఫో-ఈఆర్‌కే (ఫాస్ఫేట్ అతికిన ఈఆర్‌కే అనే సిగ్నలింగ్ ప్రొటీన్) కోసం. ఫాస్ఫో, టోటల్ (ఫాస్ఫేట్ ఉన్నా లేకున్నా మొత్తం ఈఆర్‌కే) రెండూ 42, 44 కిలోడాల్టన్ల దగ్గరే వస్తాయి. ఈసీఎల్‌లో ఒకటి చూశాక మెంబ్రేన్‌ని స్ట్రిప్ చేసి (పాత యాంటీబాడీలను కడిగేసి) రెండోది చూడాలి. ఆ స్ట్రిప్పింగ్‌లో ఎంత ప్రొటీన్ పోయిందో ఎవరు చెప్పగలరు? ఇక్కడ ఫాస్ఫోకి ర్యాబిట్ ప్రైమరీ (కుందేలులో తయారైనది), టోటల్‌కి మౌస్ ప్రైమరీ ఒకేసారి వేసి, రెండు సెకండరీలతో ఒకే స్కాన్‌లో చూస్తాను. ఒకే చోట ఉన్న రెండు బ్యాండ్లనూ విడివిడిగా కొలిచి నిష్పత్తి తీసుకోవచ్చు. ఎంజైమ్ రియాక్షన్ లేదు కాబట్టి సిగ్నల్ కాసేపట్లో పడిపోతుందన్న కంగారు లేదు. ఆరబెట్టి చీకట్లో దాచిన మెంబ్రేన్‌ని వారాల తర్వాత కూడా మళ్లీ స్కాన్ చేశాను.

మరీ తక్కువగా ఉండే ప్రొటీన్ అయితే ఈసీఎల్‌దే పైచేయి, ఎంజైమ్ సిగ్నల్‌ని పెంచుతుంది కాబట్టి. అందుకే బలహీనమైన టార్గెట్‌ని 800కి ఇవ్వండి, అక్కడ మెంబ్రేన్ బ్యాక్‌గ్రౌండ్ తక్కువ. యాక్టిన్ లాంటి ఎక్కువగా ఉండే ప్రొటీన్లకి 680 చాలు.

మెంబ్రేన్ మీద బాల్‌పెన్‌తో రాయకండి, 680ని చూసే 700 ఛానల్‌లో ఆ సిరా బ్యాండ్ కన్నా ఎక్కువ వెలుగుతుంది. పెన్సిలే వాడండి. శాంపిల్‌లో కలిపే బ్రోమోఫినాల్ బ్లూ రంగు కూడా అంతే, డై ఫ్రంట్‌ని (జెల్ కింద చేరే ఆ రంగు గీతని) ట్రాన్స్‌ఫర్‌కి ముందే జెల్ నుంచి కోసెయ్యండి. ప్రైమరీ గోట్‌ది అయితే మెంబ్రేన్ మీది ఖాళీ చోట్లని పాలపొడితో బ్లాక్ చేయొద్దు. పాలలోని ఆవు యాంటీబాడీని (ఐజీజీని) యాంటీ-గోట్ సెకండరీ పట్టేస్తుంది.

ధర వింటే గుండె గుభేలుమంటుంది. కానీ 1:10,000 నుంచి 1:20,000 దాకా పలచన చేసి వాడతాం, వైల్ చాలాకాలం వస్తుంది. అసలు ఖర్చు స్కానర్‌ది. మీ సంస్థలో అది లేకపోతే వీటి జోలికి పోవద్దు.

ఒక మే నెలలో ఓ డీలర్ పంపిన పార్సిల్ శనివారం సాయంత్రం చేతికొచ్చింది. థర్మోకోల్ పెట్టె తెరిస్తే జెల్ ప్యాకులన్నీ నీళ్లయిపోయి, లోపలంతా వెచ్చగా ఉంది. వెనక్కి పంపేశాం, కొత్తది వచ్చేదాకా ఒకటే టెన్షన్. ఇప్పుడు ఎండాకాలానికి కావలసినవన్నీ ఫిబ్రవరిలోనే తెప్పించి, ఫాయిల్ చుట్టి 4 డిగ్రీల్లో పెడుతున్నాం. కొత్త లాట్ (తయారీ బ్యాచ్) రాగానే ప్రైమరీ లేకుండా సెకండరీ ఒక్కదానితో ఒక మెంబ్రేన్ ముక్క చూస్తాను. దానిలో 42 దగ్గర ఏమాత్రం గీత కనిపించినా ఆ లాట్‌ని ఈఆర్‌కే పనికి వాడను.