నంది బెట్ట దగ్గర పాత రైతు ఇంటి హోంస్టే: పాతర సూపర్, తొట్టిని పాడు చేశారు

బెంగళూరు నుంచి 60 కిలోమీటర్లే, అయినా హెబ్బాళ దాటేసరికే మాకు సగం ఓపిక అయిపోయింది. నంది బెట్ట దగ్గరి ఒక పల్లెలో పాత రైతు ఇంటిని హోంస్టే చేశారు, అందులో రెండు రాత్రులు ఉన్నాం. రాత్రికి 6,500, టిఫిన్ కలిపి. పేరు రాయడం లేదు, ఓనరు మంచి మనిషి, చెప్పాల్సినవన్నీ ఆయనకే చెప్పి వచ్చాను.

ఇలాంటి ఇంటిని కన్నడంలో తొట్టి మనె అంటారు, మన కోస్తా వాళ్ళ మండువా లోగిలికి చుట్టం అనుకోండి. నడిమధ్య ఆకాశం కనిపించే తొట్టి, చుట్టూ రాతి స్తంభాల వసారా, తల వంచితే తప్ప దూరలేని వాకిళ్ళు. ఇల్లు 200 ఏళ్ళదనీ పైన మంగళూరు పెంకులు కూడా అప్పటివేననీ ఓనరు గర్వంగా చెప్పారు. ఇంటి వయసు నాకు తెలీదు గానీ పెంకుల విషయం మాత్రం కుదరదు, ఎందుకంటే బాసెల్ మిషన్ అనే స్విట్జర్లాండ్ క్రైస్తవ మిషనరీ సంస్థ వాళ్ళు మంగళూరులో ఆ పెంకుల ఫ్యాక్టరీ పెట్టిందే 1865లో. అంటే ఇల్లు నిజంగా అంత పాతదైతే ముందు నాటు పెంకులో, బోద కప్పో ఉండి ఉండాలి. అందరం ఒరిజినల్ అని ఫొటోలు తీసుకునే ఆ కప్పే ఒక రిపేరన్నమాట. ఆయన కాస్త చిన్నబుచ్చుకున్నారు, కానీ నాకైతే ఆ కప్పు ఇంకా నచ్చింది.

నాకు బాగా నచ్చిన మార్పు పశువుల కొట్టం. ఒకప్పుడు ఎద్దులూ మనుషులూ ఒకే కప్పు కింద ఉండేవాళ్ళు, ఆ కొట్టాన్నే ఇప్పుడు బెడ్‌రూం చేశారు. పశువులకి మేత వేసే రాతి గాడిని తీసేయకుండా అందులో పరుపు వేసి కూర్చునే చోటు చేశారు, మా పాప రెండు రోజులూ అక్కడే. వసారాలో నేల కింద రాగుల పాతర ఉంది, మూత రాయి తీసి గట్టి అద్దం వేసి లోపల లైటు పెట్టారు. రాగులు పాతరలో ఏళ్ళ తరబడి పురుగు పట్టకుండా ఉంటాయని వినడమే గానీ పాతరని చూడటం ఇదే మొదటిసారి. బాత్రూములు కూడా పాత గోడలకి తూట్లు పొడవకుండా పెరట్లో విడిగా కట్టారు. రాత్రి చలిలో నాలుగడుగులు నడవాలి, నడవండి, ఏం పోదు.

ఇక తొట్టి. వాన పడుతోందని దాని మీద పాలీకార్బనేట్ షీటు వేసి నాలుగు వైపులా మూసేశారు. వేడి గాలి పైకి పోయే దారే అది కదా! మధ్యాహ్నం హాలు ఇటుక బట్టీలా ఉంది, పాత ఇంటి చల్లదనం కోసం వచ్చి ఏసీ గదిలో దాక్కున్నాం. వంట చేసే అవ్వ, అక్కడి తెలుగులోనే, "మా కాలాన వాన వస్తే తొట్లో నీళ్ళు గలగలమనేది నాయనా, ఇప్పుడు వాన వచ్చిందో లేదో బయటికి పోయి చూడాల" అంది. షీటుని రెండడుగులు పైకి లేపి పక్కలు వదిలేసినా చాలు.

అంతకంటే పెద్ద తప్పు ఫొటోల్లో కనపడదు. మట్టి గోడలకి సిమెంటు పూసి పైన ప్లాస్టిక్ పెయింటు వేశారు. మోకాలి ఎత్తు దాకా గోడలు ఉబ్బి పెచ్చులు ఊడుతున్నాయి, తెల్లగా ఉప్పు తేలింది. ఇంకో కోటింగ్ వాటర్‌ప్రూఫింగ్ కొట్టిస్తానన్నారు ఓనరు. అయ్యా వద్దు అన్నాను. మట్టి గోడ నేలలోంచి తేమ పీలుస్తుంది, దాన్ని పూర్తిగా ఆపడం కష్టం. పైన సున్నం పూత ఉంటే పీల్చిన తేమ అలాగే గాలికి ఆరిపోతుంది. సిమెంటు ఆ దారి మూసేస్తే తేమ లోపలే ఉండి ఇంకా పైకి ఎక్కుతుంది, ఉప్పు పేరుకుని మట్టినే పొడి చేస్తుంది. సిమెంటు గీకించి, గోడని ఒక ఎండాకాలం ఆరనిచ్చి, గానుగ సున్నం పూయించాలి. బెల్లం నీళ్ళూ కరక్కాయా కలిపి సున్నం పని చేసే మేస్త్రీలు ఇప్పటికీ ఉన్నారు, కూలి ఎక్కువే, టైమూ ఎక్కువే. ఇంత నమ్మకంగా చెప్పడానికి కారణం ఉంది. అనంతపురం దగ్గర మా తాత మట్టి మిద్దెకి మా నాన్న ఇదే సిమెంటు పూయించాడు, పదేళ్ళకి గోడ కడుపు ఉబ్బింది, చివరికి పడగొట్టి స్లాబు వేశాం.

తిండికి వంక పెట్టక్కర్లేదు, రాగి ముద్ద, బస్సారు (పప్పు, ఆకుకూర ఉడికించిన నీళ్ళతో చేసే చారు), అవ్వ చేతి ఊరుబిండి పచ్చడి. వైఫై లేనట్టే.

ఐదుకి మూడున్నర ఇస్తాను. వెళ్తే కొట్టం గదే అడగండి, కొత్తగా వేసిన పై గది వద్దు, మధ్యాహ్నం కాలిపోతుంది. గడప దగ్గర మాత్రం తల జాగ్రత్త, మా ఆయనకి రెండుసార్లు తగిలింది.