సోప్‌స్టోన్ స్టవ్ మీద గీతలు: నూనె మేలా, మైనం మేలా, ఉత్త రాయే మేలా?

ఇక్కడ అమెరికాలోని న్యూ హాంప్‌షైర్‌లో అక్టోబరు వచ్చి కట్టెలు పేర్చుకోవడం మొదలవగానే, మన తెలుగు కుటుంబాల నుంచి నాకు ఏటా ఒకటే ప్రశ్న. “స్టవ్ మీద గీతలు పడుతున్నాయండీ, రాచ్చిప్పకు ఆముదం రాసినట్టు దీనికీ ఏమైనా రాయొచ్చా?” అలా అనిపించడం సహజమే. ఇల్లు వెచ్చగా ఉంచే ఈ కట్టెల స్టవ్ పైన ఉండేది సోప్‌స్టోన్ అనే రాయి, అదీ రాచ్చిప్పా రెండూ ఒకే జాతి. చిన్నప్పుడు పలక మీద దిద్దిన బలపమూ ఇదే. అంత మెత్తన కాబట్టే గీత పడుతుంది.

మూడు చలికాలాల్లో మూడు పద్ధతులూ చేసి చూశాను. మొదటి ఏడాది మినరల్ ఆయిల్. రాసిన రోజు ఎంత బాగుందో! బూడిదరంగు రాయి నల్లగా నిగనిగలాడింది, గీతలు కనపడకుండా పోయాయి. ఆ రాత్రి మంట బాగా అందుకున్నాక గదంతా నూనె కాలుతున్న కంపు. పొగ అలారం మోగి పిల్లలు లేచారు. బయట మంచు కురుస్తుంటే కిటికీలు తెరిచి కూర్చున్నాం. పది రోజులు తిరగకుండానే పైరాయి అక్కడక్కడా నల్లగా, అక్కడక్కడా వెలిసిపోయి మచ్చలు దేరింది. గీతలు మళ్లీ పైకి తేలాయి.

నా దృష్టిలో అసలు విషయం ఈ వేడే. రాచ్చిప్పలో పులుసు ఉంటుంది. నీరు ఉన్నంతసేపూ లోపలి రాయి 100 డిగ్రీల సెల్సియస్ దగ్గరే ఆగుతుంది, అందుకే పట్టించిన ఆముదం నిలుస్తుంది. స్టవ్ పైరాయికి ఆ అడ్డు లేదు. మా స్టవ్ మీద పెట్టిన థర్మామీటర్ మామూలు రాత్రుల్లోనే 500 ఫారెన్‌హీట్ చూపిస్తుంది, అంటే దాదాపు 260 సెల్సియస్. అక్కడ నూనె ఏం నిలుస్తుంది?

పైగా నూనె గీతను మాన్పదు. చల్లారిన రాయి మీద ఒక గీతను తడి వేలితో రుద్ది చూడండి, కనపడదు. ఆరగానే తెల్లగా తేలుతుంది. ఆ తెలుపు బలపం పొడిలాంటిదే. తడి చేసే పనే నూనె ఇంకొన్నాళ్లు చేస్తుంది, అంతే. కిచెన్ కౌంటర్‌కో సింక్‌కో అయితే నేనూ మినరల్ ఆయిలే రాయమంటాను, అక్కడ అది చక్కగా పనిచేస్తుంది.

తేనెమైనం 65 సెల్సియస్ లోపే కరిగిపోతుంది. కౌంటర్ మీద నూనె కన్నా ఎక్కువ రోజులు ఉంటుంది గానీ స్టవ్‌కు పనికిరాదు. సిలికాన్ మ్యాట్లు, ఫెల్ట్ ముక్కలు కూడా ఆ వేడికి ఆగవు.

ఇప్పుడు నేను రాయిని ఉత్తగానే ఉంచి, గీత పడితే గరుకు కాగితంతో తీసేస్తున్నాను. రాయి పైనుంచి లోపలిదాకా ఒకటే కాబట్టి, ఎనామిల్ పెచ్చు లేచినట్టు దీనికి తీరని నష్టం ఉండదు. స్టవ్ పూర్తిగా చల్లారాక, అంటే మర్నాడు, మాస్క్ పెట్టుకుని 220 నంబరు గరుకు కాగితంతో తేలిగ్గా గుండ్రంగా రుద్దుతాను (నంబరు పెరిగేకొద్దీ గరుకు తగ్గుతుంది). లోతు గీతైతే ముందు 120, తర్వాత 220. గీత ఒక్కదాన్నే పట్టుకుని రుద్దితే అక్కడ గుంట పడుతుంది, చుట్టూ అరచేయంత మేర రుద్దాలి. మీ రాయి అద్దంలా పాలిష్ చేసిందైతే 400, 600 నంబర్ల దాకా వెళ్లక తప్పదు, అప్పటికీ మొదటి మెరుపు అంత సులువుగా రాదు. ఈ పద్ధతిలో నేను ఒప్పుకోవాల్సిన లోటు అదొక్కటే. చివర్లో బాగా పిండిన గుడ్డతో పొడి తుడిచి, ఆరనిచ్చి, మొదట చిన్న మంటే వేస్తాను. రాయిలో చెమ్మ ఉండగా పెద్ద మంట వేస్తే పగిలే ప్రమాదం ఉంది.

ఇక గీతలు పడకుండా చూడటం. నేను గమనించినంతలో గీతలకు కెటిల్ బరువు కారణం కాదు, దాని కింద చిక్కిన ఇసుక రేణువు. కట్టె బెరడులోంచి రాలుతుంది. ఇసుక ముందు ఈ రాయి ఎంత? అందుకే కెటిల్ పెట్టే ముందు మెత్తని బ్రష్‌తో ఒకసారి ఊడుస్తాను. కింద నున్నటి కాళ్లున్న ఎనామిల్ స్టాండ్ ఉంటుంది. పోత ఇనుము స్టాండ్ కొన్నప్పుడు కాళ్ల అడుగున వేలు పెట్టి చూడండి, నాకు దొరికిన దాని ఒక కాలికి సూదిలాంటి మొన ఉంది. దాన్ని ఆకురాయితో అరగదీశాకే వాడాను.

కెటిల్‌ను జరపొద్దని, ఎత్తి పెట్టమని ఇంట్లో అందరికీ చెప్పాను. పోయిన చలికాలమంతా కలిపి గరుకు కాగితం బయటికి తీయాల్సి వచ్చింది రెండే సార్లు, అదీ కట్టె చేయి జారి పైరాయి మీద పడినప్పుడు.