హోటల్ పెల్లెట్ పొయ్యి రివ్యూ: మన డెల్టాలో దొరికే పెల్లెట్లతో ఎలా మండుతుంది

కాకినాడ నుంచి భీమవరం దాకా టిఫిన్ హోటళ్లు, స్వీటు షాపులు, కేటరింగ్ వాళ్లు గ్యాసు బిల్లు తగ్గుతుందేమోనని ఆరా తీస్తున్న పొయ్యి ఇది. పక్కన పెల్లెట్లు (పొట్టు, ఊక లాంటివి గట్టిగా ఒత్తి చేసిన చిన్న చిన్న కడ్డీ ముక్కలు) పోసే తొట్టి, వాటిని కొద్దికొద్దిగా తోసే స్క్రూ, మధ్యలో చుట్టూ బెజ్జాలున్న ఇనప కుండ, వెనక చిన్న బ్లోయర్, గాలి పెంచి తగ్గించే రెగ్యులేటర్. ఎవరి దగ్గర కొన్నా లోపలి అమరిక ఇంచుమించు ఇదే. అందుకే ఈ రివ్యూలో కంపెనీల మధ్య పోలిక పెట్టలేదు. ఒకే పొయ్యి ఒక బస్తాతో గ్యాసుకు దీటుగా మండి, ఇంకో బస్తాతో వంటగదంతా పొగ చేస్తుంది. ఆ తేడా ఎక్కడ వస్తుందో తెలిస్తేనే కొనాలా వద్దా అన్నది తేలుతుంది.

ముందే చెప్పేస్తాం: రంపపు పొట్టు పెల్లెట్లు ఏడాది పొడుగునా దొరికే చోట, పొద్దున్నే కుండ శుభ్రం చేసే మనిషి ఉన్న చోట ఇది మంచి పొయ్యి. ఈ రెండింట్లో ఒక్కటి లేకపోయినా వద్దు.

మన వైపు దొరికే పెల్లెట్లు మూడు రకాలు. సా మిల్లు పొట్టుతో చేసినవి మొదటివి. సరుగుడు, జామాయిల్, సుబాబుల్ పొట్టు ఇందులో ఎక్కువ. శుభ్రమైన పొట్టయితే బూడిద నూటికి ఒకటి రెండు పాళ్లు, కిలోకి 4,000 కిలో కేలరీల పైమాట వేడి. రెండోది వేరుశనగ తొక్క కలిపినది. బూడిద మూడు నుంచి ఆరు పాళ్లు ఉంటుంది, వేడి బాగానే ఇస్తుంది. మూడోది ఊక పెల్లెట్. మండపేట, తాడేపల్లిగూడెం లాంటి మిల్లుల ఊళ్లున్న ప్రాంతం కాబట్టి చవగ్గా వస్తుంది. కానీ ఊకలో బూడిదే 15 నుంచి 20 పాళ్లు, వేడి 3,000 నుంచి 3,300 కిలో కేలరీలు.

పాళ్ల లెక్క కాగితం మీద చిన్నదిగా కనబడుతుంది. రోజుకి 40 కిలోలు కాల్చే హోటల్లో పెట్టి చూడండి. ఒక పాలు బూడిదున్న పెల్లెట్‌తో రాత్రికి బూడిద పడే ట్రేలో మిగిలేది 400 గ్రాములు. 18 పాళ్ల ఊక పెల్లెట్‌తో ఏడు కిలోల పైన. ఏడు కిలోల బూడిదంటే ఈ పొయ్యి ట్రే ఒకసారి కాదు, టిఫిన్ల రద్దీ మధ్యలోనే రెండు మూడుసార్లు నిండుతుంది. మిల్లు బాయిలర్‌కి బూడిద తీసే ఏర్పాటు వేరే ఉంటుంది, దానికి ఊక బంగారం. హోటల్ పొయ్యికి కాదు. యూరప్‌లో గదులు వెచ్చబెట్టుకునే పెల్లెట్ స్టవ్‌లకు ఐఎస్ఓ 17225-2 అనే అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం ఏ1 రకం కట్టె పెల్లెట్‌లో బూడిద 0.7 పాళ్లు దాటకూడదు, తేమ 10 పాళ్లు దాటకూడదు. ఇంటర్నెట్‌లో ఆ స్టవ్‌ల గురించి చదివి అదే పనితనం ఇక్కడ ఊక పెల్లెట్‌తో వస్తుందనుకోవడం సరికాదు.

బూడిద ఎంతన్నదే కాదు, ఎలాంటిదన్నదీ చూడాలి. పొటాషియం ఎక్కువున్న బూడిద వేడికి మెత్తబడి, ఇసకని పట్టుకుని, చల్లారాక రాయిలా బిగుస్తుంది. దీన్నే క్లింకర్ అంటారు. కుండ అడుగున అరచేతంత బిళ్ల కడుతుంది. పగలగొడితే లోపల గాజులా మెరుస్తుంది. వరిగడ్డి, కొబ్బరి పీచు పొట్టు కలిపిన పెల్లెట్లలో ఈ బెడద ఎక్కువ. కోనసీమలో పీచు పొట్టు కుప్పలు తెప్పలుగా ఉంటుంది కాబట్టి కలిపేవాళ్లుంటారు. పైగా దాన్లోని క్లోరిన్ కుండని, పొగ గొట్టాన్ని తినేస్తుంది. సా మిల్లు నేల ఊడ్చి తెచ్చిన పొట్టుతోనూ ఇదే గొడవ, ఇసక కలిసి ఉంటుంది కాబట్టి. ఇక ప్లైవుడ్, సన్‌మైకా ముక్కల పొట్టుతో చేసినవి వంటకి అసలు వాడకూడదు. జిగురు, రంగు కాలిన పొగ మంచిది కాదు. పెల్లెట్ విరిస్తే రంగు రంగు నలుసులు మెరుస్తూ కనబడితే ఆ బస్తా వెనక్కి పంపేయండి.

బస్తా దించుకునే ముందు అక్కడే చేసుకోగల పరీక్షలున్నాయి. నాలుగు పెల్లెట్లు గ్లాసు నీళ్లలో వేయండి. బాగా ఒత్తిన పెల్లెట్ వెంటనే మునుగుతుంది. తేలితే వదులుగా ఒత్తినట్టు. కాసేపటికి ఉబ్బి విడిపోయాక కలియబెట్టి, తేరనిచ్చి, గ్లాసు అడుగు వేలితో తడమండి, ఇసక ఉంటే గరగరలాడుతుంది. తర్వాత బస్తా అడుగు నుంచి ఒక కిలో తీసి మూడు మిల్లీమీటర్ల కన్నాల జల్లెడ పట్టండి. కింద పడిన నుసి పది, ఇరవై గ్రాములైతే పర్వాలేదు, యాభై దాటితే స్క్రూలో చిక్కే. పొడుగు కూడా చూడాలి: నాలుగు సెంటీమీటర్లకు మించినవి అడ్డం తిరిగి స్క్రూ నోటి దగ్గర ఇరుక్కుంటాయి. అసలు పరీక్ష బూడిదది. శుభ్రంగా ఉన్న కుండలో సరిగ్గా కిలో పెల్లెట్లు పూర్తిగా కాలనిచ్చి, చల్లారాక బూడిద తూచండి. 20 గ్రాముల లోపు వస్తే అది నిజంగా రంపపు పొట్టే. 100 గ్రాములు దాటితే అమ్మినవాళ్లు ఏం చెప్పినా అందులో ఊకో ఇసకో ఉన్నట్టే లెక్క.

మన దగ్గర తేమ గొడవ మిగతా చోట్ల కంటే ఎక్కువ. జూలై నుంచి డిసెంబరు దాకా వానలు, గోదావరి వరదలు, తుపాన్లు ఒకదాని వెనక ఒకటి వస్తాయి. ఎనిమిది పాళ్ల తేమతో వచ్చిన పెల్లెట్ గచ్చు మీద పెట్టిన గోనె బస్తాలో చెమ్మ పీల్చి మెత్తబడి, తొట్టిలో పడేసరికి పొడవుతుంది. తడి ఆరడానికే మంటలో వేడి ఖర్చయిపోతుంది, కుండ చల్లబడుతుంది, పొగ మొదలవుతుంది. లోపల ప్లాస్టిక్ సంచి ఉన్న బస్తాలే అడగండి. చెక్క చట్రం వేసి నేలకి జానెడు ఎత్తున, గోడకి ఎడంగా పేర్చండి. వానాకాలంలో పది రోజుల సరుకు మించి దించుకోవద్దు. రాత్రి తొట్టిలో పెల్లెట్లు వదిలేయకండి, ఇడ్లీ ఆవిరంతా అవే తాగుతాయి.

ఇక శుభ్రం. కుండకి కింద ఒక వరస, పై అంచున ఇంకో వరస బెజ్జాలుంటాయి. కింది గాలి పెల్లెట్‌ని కాల్చి గ్యాసు పుట్టిస్తుంది, పై గాలి ఆ గ్యాసుని మండిస్తుంది. రెండింటి పనీ వేరు కాబట్టి మూసుకుపోయినప్పుడు కనబడే లక్షణాలూ వేరు. కిందివి మూసుకుంటే మంట నీరసిస్తుంది, నల్లటి బొగ్గు పేరుకుని కుండ పొంగుతుంది. పైవి మూసుకుంటే మంట ఎర్రగా, పొడుగ్గా నాలుకలు చాపి గిన్నె అడుగున మసి పడుతుంది. చాలామంది రెండింటికీ ఒకే మందు వేస్తారు, రెగ్యులేటర్ తిప్పి గాలి పెంచుతారు. దాంతో బూడిద ఎగిరి వంటలో పడుతుందే తప్ప మంట బాగుపడదు. ట్రేలో బూడిద రంగు చూస్తే చాలా తెలుస్తుంది. తెల్లగా, లేత బూడిదరంగులో ఉంటే సరిగ్గా కాలినట్టు. రంపపు పొట్టు పెల్లెట్‌కి నల్లగా బొగ్గుముక్కలతో ఉంటే డబ్బు పెట్టి కొన్న పెల్లెట్ ట్రేలో పారేస్తున్నట్టు.

రోజూ పొద్దున చల్లటి పొయ్యి మీద ఇలా చేయాలి: కుండ ఎత్తి బూడిద దులిపి, అడుగున క్లింకర్ ఉంటే చదును ఉలితో మెల్లగా లేపి, ఒక్కో బెజ్జంలో సైకిల్ చువ్వ దూర్చి తిప్పాలి. డ్రిల్లింగ్ పెట్టి బెజ్జం పెద్దది చేయకూడదు, గాలి ఒత్తిడి పోతుంది. కుండ తీశాక అది కూర్చునే గూట్లోనూ బూడిద ఉంటుంది. దాన్ని వదిలేస్తే కుండ సరిగ్గా కూర్చోక సందులోంచి గాలి దొంగదారి పడుతుంది. మొత్తం పావుగంట పని. కాల్చేది ఊక పెల్లెటైతే మధ్యాహ్నం ఇంకోసారి తప్పదు. ఊక బూడిదలో సిలికా అనే సన్నటి ఇసక లాంటి పదార్థం ఉంటుంది, ఊడ్చేవాళ్ల ముక్కుకి గుడ్డ కట్టించండి.

వారానికోసారి తొట్టి ఖాళీ చేసి స్క్రూ దగ్గర చేరిన నుసి తీయాలి. నెలకోసారి కరెంటు తీసేసి బ్లోయర్ రెక్కల్ని పొడి బ్రష్‌తో దులపాలి. వంటగదిలో నూనె ఆవిరి, పిండి, బూడిద కలిసి రెక్కల మీద జిడ్డుగా పేరుకుంటాయి, ఫ్యాను తిరుగుతున్నా గాలి సగమే వస్తుంది. పొగ గొట్టం మలుపులో మూత తీసి మసి లాగడం కూడా అప్పుడే.

కరెంటు పోయినప్పటి సంగతి కొనేముందు తప్పకుండా అడగాలి. బ్లోయర్ ఆగితే కుండలో ఉన్న పెల్లెట్లు పొగ కక్కుతాయి, మంట స్క్రూ వెంబడి తొట్టివైపు పాకే ప్రమాదం ఉంది. బ్లోయర్‌కి, స్క్రూకి చిన్న ఇన్వర్టర్ ఉండాల్సిందే. తొట్టి మూత ఎప్పుడూ మూసే ఉంచండి. తలుపులన్నీ మూసిన గదిలో ఈ పొయ్యి వెలిగించకూడదు, కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు. తీసిన బూడిదలో నిప్పు మర్నాటి దాకా ఉంటుంది, మూతున్న ఇనప డబ్బాలోనే పోయండి, గోనె బస్తాల పక్కన పెట్టొద్దు.

వంటల విషయానికొస్తే అన్నం, సాంబారు, ఇడ్లీ, బిర్యానీ డేగిసాలకు దీనికి ఎదురులేదు. దోసె పెనానికి ఫర్వాలేదు. తాపేశ్వరం కాజా లాంటి వాటికి నూనె సన్నటి సెగ మీద నిలకడగా ఉండాలి. ఇక్కడ స్క్రూ తగ్గించినా కుండలో ఉన్నది కాలేదాకా మంట దిగదు, అందాకా కాజా పైన మాడి లోపల పచ్చిగా ఉంటుంది. వేపుడు పొయ్యి ఒక్కటి గ్యాసు మీదే ఉంచుకోవడం మంచిది.

ఖర్చు లెక్క ఇలా వేసుకోండి. 19 కిలోల కమర్షియల్ సిలిండర్‌లో సుమారు 2,09,000 కిలో కేలరీల వేడి. అంత వేడికి రంపపు పొట్టు పెల్లెట్లు 52 కిలోలు, ఊకవి 65 కిలోలు కావాలి. పొయ్యిలో వృథాగా పోయే వేడి గ్యాసు కంటే దీంట్లో ఎక్కువ కాబట్టి రంపపు పొట్టువి 65, ఊకవి 80 కిలోలుగా పట్టుకోండి. మీ ఊళ్లో సిలిండర్ ధరని ఆ అంకెతో భాగిస్తే వచ్చేది పెల్లెట్ కిలోకి మీరు పెట్టగల ఆఖరి ధర. రవాణా, శుభ్రం చేసే మనిషి కూలీ అందులోంచే తీయాలి.

కొనేటప్పుడు కుండ ఏ లోహమో అడగండి. మామూలు ఇనప రేకుది త్వరగా పొరలు పొరలుగా రాలిపోతుంది, వేడికి ఓర్చే స్టెయిన్‌లెస్ స్టీలుదే తీసుకోండి. బేరంలో తగ్గింపు అడిగే బదులు రెండో కుండ అడగండి. ఒకటి క్లింకర్‌తో బిగుసుకుపోయినా రెండోది పెట్టి వెంటనే వెలిగించుకోవచ్చు, మొదటిది చల్లారాక తీరిగ్గా గీక్కోవచ్చు.